సగటు మనిషి ఫోను

టెస్టింగ్ గది, రెండో అంతస్తు
ఎండలు ముదురుతున్న రోజులు

అక్కా,

నిన్న నువ్వు నాకు చాలాసార్లు ఫోన్ చేశావట. చివరికి బావ మా పక్క సీటతనికి చేసి, "మావాడు ఫోన్లు తయారుచేసే కంపెనీలో ఉన్నాడా, ఫోన్లు దాచిపెట్టే కంపెనీలో ఉన్నాడా" అని అడిగాడట. మా వాళ్ళంతా పొద్దుట్నుంచి అదే మాట చెప్పుకుని నవ్వుతున్నారు. ఏం చెయ్యను, నా ఫోను చచ్చి ఉంది. ఇక మీదట నాతో పనుంటే ఉత్తరం రాయి. నేనూ ఉత్తరాలే రాస్తాను. వెక్కిరించకు, కారణం చెబుతాను.

మా కంపెనీ కొత్త నెట్‌వర్క్ ఫోను తెస్తోందని చెప్పాను కదా. ఉద్యోగులంతా సొంత ఫోన్లు పక్కన పెట్టి ఇదే వాడాలని ఆర్డరు వేశారు. మనం వండింది మనమే తినకపోతే బయటివాళ్ళు ఎలా తింటారని మా మేనేజరు ఉపన్యాసం. పొద్దున నిండుగా చార్జి పెట్టి బయల్దేరితే భోజనాల వేళకి అడుగంటుతుంది. దాంతో మా ఆఫీసులో ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యట్లేదు. పనుంటే లేచి వెళ్ళి చెప్పాల్సిందే. ఇన్నేళ్ళ నుంచి పని చేస్తున్నా, కింది అంతస్తు వాళ్ళ మొహాలు ఇప్పుడే చూస్తున్నాను. మనుషుల్ని దగ్గర చేసే ఫోను అని ప్రకటనలో వేస్తారట. అంతవరకూ అబద్ధం లేదు.

జబ్బేమిటో నీకర్థమయ్యేలా చెబుతాను. ఈ కొత్త నెట్‌వర్క్ ఇంకా అంతటా రాలేదు. అక్కడో టవరు, ఇక్కడో టవరు. అందుకని ఫోను ఒక చెవి పాత టవరు వైపు, ఇంకో చెవి కొత్త టవరు వైపు పెట్టుకుని కునుకు తియ్యకుండా కూర్చుంటుంది. కొత్తది దొరికితే పట్టుకుంటుంది, జారిపోతే పాతదానికి వస్తుంది, మళ్ళీ వెతుకుతుంది. నువ్వు దాన్ని ముట్టుకోకపోయినా సంచిలో అది పడే పాట్లు ఇవి. మనిషైతే సాయంత్రానికి మంచమెక్కేవాడు. పైగా కొత్త యాంటెన్నాలకి చోటు కావాలని బ్యాటరీని చిన్నది చేశారు. ఫోను సన్నగా కనబడాలని ఇంకాస్త చిన్నది చేశారు.

చిప్పు ఒక కంపెనీది, యాంటెన్నా ఇంకో కంపెనీది, సాఫ్ట్‌వేరు మాది. విడివిడిగా చూస్తే ఎవరిది వాళ్ళకి బంగారమే. మూడూ ఒక డొప్పలో పెడితే చెయ్యి కాలుతోంది. మీటింగు పెడితే ఆస్తి పంచుకునే అన్నదమ్ముల్లా ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకుంటారు.

నా బాధ అది కూడా కాదు. అట్టపెట్టె మీద "రెండు రోజుల చార్జి" అని అచ్చు వెయ్యాలట. అలా వెయ్యాలంటే బ్యాటరీ పరీక్షలు చేసేవాడి సంతకం ఉండాలి. ఆ చేసేవాణ్ణి నేనే. పెడితే విభాగానికి పెద్దని చేస్తామంటున్నారు. పెట్టకపోతే ఏం చేస్తారో ఎవరూ అనట్లేదు, నవ్వి ఊరుకుంటున్నారు. నాకు నిద్ర పట్టట్లేదు.

నీ తమ్ముడు


ఆరోగ్య కేంద్రం, మందుల గది
శనివారం

చిన్నోడా,

ఫోన్లు చేసేవాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందని మా నర్సులంతా చుట్టూ చేరి కవరు కూడా చూశారు. మీ బావ అయితే బస్సు ఆపి మరీ ప్రయాణికులకి చెప్పుకున్నాడు. ఆయనకి నీ మీద అభిమానం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ.

సరే, నీ గోల చదివాను. సంతకమేగా, పెట్టెయ్యి. చిన్నప్పట్నుంచి నీకిదే రోగం. ఉన్న దానికి సంతోషించవు, లేని దాన్ని తవ్వి తలకెత్తుకుంటావు. అంత పెద్ద కంపెనీ, అంతమంది చదువుకున్నవాళ్ళు, రెండు రోజులు వస్తుందంటే ఊరికే అంటారా? నువ్వు ఫోను పట్టుకుని అస్తమానం ఏదో ఒకటి నొక్కుతూ ఉంటావు, అందుకే నీది అయిపోతోంది.

ఇంకో సంగతి. నువ్వు నెత్తీ నోరూ బాదుకుంటావని తెలుసు, అయినా చెబుతున్నాను. మా ఇంటింటికీ తిరిగే నర్సులందరికీ కొత్త ఫోన్లు ఇస్తామన్నారు. కడుపుతో ఉన్నవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ మా నెంబరు గోడ మీద రాసి ఉంటుంది కదా, నొప్పులు మొదలైతే ముందు మాకే చేస్తారు. ఏ ఫోను తీసుకుందామని పెద్ద డాక్టరమ్మ మీటింగులో అడిగింది. నేను లేచి నిలబడి, మా తమ్ముడు పరీక్ష చేసిన ఫోను ఉండగా ఇంకోటి ఎందుకమ్మా అన్నాను. ఆవిడ చాలా సంతోషించింది. మొదటి విడత ఫోన్లు షాపుల్లోకి రాకముందే మీ కంపెనీ నుంచి మాకు వస్తున్నాయి. ఎప్పుడూ నన్ను పేరు పెట్టి కూడా పిలవని మనిషి, ఆ రోజు పక్కన కుర్చీ వేయించింది.

కాబట్టి నా పరువు నీ చేతిలో ఉంది. మొండికెయ్యకు. వేళకి తిను.

మీ అక్క


టెస్టింగ్ గది
వానలు మొదలైన వారం

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాను. నన్నొక్క మాట అడక్కుండా మీటింగులో లేచి నిలబడ్డావా? నువ్వు కూర్చునే ఉంటే ఎంత బాగుండేది.

సంతకం ఇంకా పెట్టలేదు. ఫోను జేబులో వేసుకుని ఊరంతా తిరిగి, మధ్యాహ్నానికే పోతోందని రిపోర్టు ఇచ్చాను. మా మేనేజరు కోప్పడలేదు. ఆయనకి కోపం రాదు, ఆయనతో వచ్చిన చిక్కే అది. "ఫోనులో లోపం లేదయ్యా, వాడే మనిషిని నువ్వు సరిగ్గా ఎంచుకోలేదు" అన్నాడు. సగటు మనిషి ఫోను ఎలా వాడతాడో ఓ కమిటీ వేసి తేలుద్దామన్నాడు. వేశారు. నన్నూ కూర్చోబెట్టారు.

విను, ఆ సగటు మనిషి ఎలా పుట్టాడో. ముందు ఆయన వీడియోలు చూస్తాడా అని ప్రశ్న వచ్చింది. మా ప్రకటనల పెద్దమనిషి "సంస్కారం ఉన్నవాడు, చూడడు" అన్నాడు. తీసేశాం. చార్జి కాస్త పెరిగింది. పెళ్ళయిందా? అయితే ఇంటి నుంచి ఫోన్లొస్తాయి. పెళ్ళి రద్దు చేశాం. స్నేహితులు? ఉన్నారు, మాటల్లేవు. ఉద్యోగం? చేస్తాడు గానీ పై అధికారికి ఆయన నెంబరు తెలీదు. ఆయన ఇల్లు కొత్త టవరు కిందే. ఆఫీసూ ఆ టవరు కిందే. నడిస్తే ఫోను టవర్లు మార్చాల్సి వస్తుంది గనక ఆయన ఎక్కడికీ నడవడు. ఎండలోకి వెళ్తే స్క్రీన్ వెలుతురు పెంచాలి గనక తలుపులేసుకుని కూర్చుంటాడు. సాయంత్రం అయ్యేసరికి ఆ మనిషి ఫోను రెండు రోజులు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంతకీ ఈయన ఫోను ఎందుకు కొన్నాడండీ" అని అడిగాను. ప్రకటనల పెద్దమనిషి కాసేపు ఆలోచించి, "టైము చూసుకోడానికి" అన్నాడు. హాస్యానికి కాదు, నిజంగానే అన్నాడు.

మేం కింది ఉద్యోగులం ఆ సగటు మనిషికి మహానుభావుడని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు పరీక్షలన్నీ మహానుభావుడి పద్ధతిలోనే. ఒక అద్దాల గది కట్టి, దాని కప్పుకి చిన్న టవరు బిగించి, కింద ఫోను పెట్టి తలుపేస్తాం. ఎవరూ గట్టిగా దగ్గరు కూడా. అది రెండు రోజులు హాయిగా బతుకుతుంది. అలా బతకమంటే నేనూ ఎన్నాళ్ళయినా బతుకుతాను.

కానీ అక్కా, మహానుభావుడు ఫోను కొనడు. కొనేది వానలో సందులు తిరిగే నువ్వు. నొప్పులు పడుతున్న ఇంట్లోంచి ఎవరో నీకు ఫోన్ చేస్తే అది మోగాలి. అది తలుచుకుంటే సంతకం పెట్టడానికి చెయ్యి రావట్లేదు. ఆఫీసులో అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. ఒకోసారి నాకే అనుమానం వస్తోంది, నిజంగా నేనే అతి చేస్తున్నానేమో అని.

అందుకని నీకో పని చెబుతున్నాను. మీ ఫోన్లు ఈ వారంలో వస్తాయి. నెల రోజులు వాడి, ఎలా ఉందో దాచకుండా రాయి. మేనేజరు మాట నమ్మను, మహానుభావుణ్ణి అసలే నమ్మను. నువ్వు చెప్పిందాన్ని బట్టి సంతకం సంగతి తేల్చుకుంటాను.

నీ తమ్ముడు


ఆరోగ్య కేంద్రం
వానలు పట్టిన నెల

చిన్నోడా,

ఫోన్లు వచ్చాయి. పంచిపెట్టడానికి చిన్న సభ పెట్టారు. డాక్టరమ్మ నన్ను వేదిక మీదికి పిలిచి, "ఈ ఫోన్లు మనకి ఈవిడ చలవే" అంది. నేను కూడా నాలుగు మాటలు మాట్లాడాను. మీ బావ బస్సు డ్యూటీ మార్పించుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మాటల మధ్యలో ఆవిడ, నర్సులందరి మీదా నన్ను పెద్దగా వేసే ఆలోచన ఉందన్నట్టు కూడా అంది.

ఫోను బ్రహ్మాండంగా ఉంది. పొద్దున చార్జి పెట్టి బయల్దేరితే సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఇంకా మిగిలే ఉంటోంది. నువ్వు అనవసరంగా హడలిపోయావు. నిశ్చింతగా సంతకం పెట్టుకో.

ఊరికే అడుగుతున్నాను, వేడిగా ఉన్నప్పుడు మందుల సంచిలో పెట్టొచ్చా? ఒకసారి దూది కాస్త మాడు వాసన వచ్చినట్టనిపించింది. నా భ్రమే అయ్యుంటుంది. మిగతా నర్సులు కూడా బాగుందనే అంటున్నారు. కాకపోతే అందరం ఏ ఇంటికెళ్ళినా ముందు ప్లగ్గు ఎక్కడుందో చూసుకుంటున్నాం. మొన్న ఒక ముసలమ్మ, "కడుపుతో ఉన్న పిల్లని చూడ్డానికొచ్చావా, నీ ఫోనుకి పాలు పట్టడానికొచ్చావా" అంది. నవ్వలేక చచ్చాం. అలవాటైతే అదే సర్దుకుంటుంది.

పాత ఫోన్లు తిరిగిచ్చేయమన్నారు, ఇచ్చేశాం. నీ ప్రమోషన్ కబురు కోసం ఎదురుచూస్తున్నాను.

మీ అక్క


రెండో అంతస్తు, కొత్త క్యాబిన్
ముసురు పట్టిన రోజు

అక్కా,

సంతకం పెట్టేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే పెట్టాను. ప్లగ్గు సంగతి, దూది సంగతి చదివాను. చదివీ చదవనట్టు ముందుకెళ్ళిపోయాను. బ్రహ్మాండంగా ఉందన్న వాక్యం దగ్గరే చూపు ఆపుకున్నాను. ఇన్నాళ్ళూ ఒక్కణ్ణే అందరితో దెబ్బలాడి విసుగొచ్చేసింది అక్కా. ఎవరైనా నా మనిషి "పెట్టెయ్యిరా" అంటే చాలనిపించింది. నువ్వన్నావు.

మేనేజరు నన్ను కావలించుకున్నాడు. ఆధారం కింద ఏదైనా జతచెయ్యమంటే నీ ఉత్తరమే ఇచ్చాను. వీధుల్లో తిరిగే నర్సు స్వయంగా వాడి చెప్పిన మాట, అద్దాల గది కంటే నయం కదా అనుకున్నాను. ప్రకటనల పెద్దమనిషి అది చదివి ఎగిరి గంతేశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత చక్కటి వాక్యం తన చేత్తో రాయలేకపోయానన్నాడు. దాన్ని ఎక్కడో వాడుకుంటానన్నాడు. పేరు వెయ్యరులే, కంగారు పడకు.

నాకు క్యాబిన్ ఇచ్చారు. కిటికీ ఉంది. కొత్త ఫోను కూడా ఇచ్చారు, అదే ఫోను, రంగు వేరు. అది కూడా మధ్యాహ్నానికి పోతోంది.

నీకు నిజంగా సాయంత్రం దాకా వస్తోంది కదా? అడగకూడదు, అయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు


పెద్దాసుపత్రి, వార్డు బయట బెంచీ
బుధవారం

తమ్ముడూ,

ఇది రాయకముందు నీకు ఫోన్ చేశాను. ఎప్పుడు చేసినా స్విచాఫ్. మన ఇద్దరి ఫోన్లూ ఒకటే కదా.

మా కేంద్రం ఎదురుగా, బస్టాండు గోడ మీద పెద్ద బోర్డు పెట్టారు. తెల్ల కోటు వేసుకున్న ఎవరో అమ్మాయి ఫోను చెంపకి ఆనించుకుని నవ్వుతోంది. కింద పెద్దక్షరాల్లో "పొద్దున చార్జి పెట్టి బయల్దేరితే సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఇంకా మిగిలే ఉంటోంది – ఒక నర్సు" అని. బొమ్మ ఎవరిదో గానీ మాట నాది. మొదటి రోజు చూసి గర్వపడ్డానంటే నమ్ముతావా? మీ బావ బస్సుని ఆ బోర్డు ముందు నిమిషం ఎక్కువ ఆపేవాడు.

నేను నీకు అబద్ధం రాశాను. ఫోను ఒక్క రోజు కూడా మధ్యాహ్నం దాటి రాలేదు. నాదే కాదు, ఎవరిదీ రాలేదు. నర్సులంతా నా మొహం చూసి బాగుందన్నారు, నేను డాక్టరమ్మ మొహం చూసి బాగుందన్నాను. ఆవిడ ఎవరి మొహం చూసిందో తెలీదు. అంత సభలో మాట్లాడి, పక్కన కుర్చీ వేయించుకుని, ఇది పనికిరాదని ఏ మొహం పెట్టుకుని చెప్పను అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఒక తాపీమేస్త్రి భార్యకి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. ఆయన గోడ మీద నెంబరు చూసి నాకు చేశాడు. నా ఫోను పోయి ఉంది. నేను ఎక్కడో లేను తమ్ముడూ. వాళ్ళ పక్క వీధిలోనే, ఒకళ్ళింట్లో ఫోను చార్జింగుకి పెట్టి, టీ తాగుతూ కూర్చున్నాను. అది ఇంకా లేవలేదు, ఎవరూ పిలవట్లేదులే అని నింపాదిగా ఉన్నాను. ఆయన సైకిలేసుకుని కేంద్రానికి పరిగెత్తాడు. అక్కడున్నవాళ్ళు నాకు చేశారు, మిగతా నర్సులకి చేశారు. ఎవరి ఫోనూ కలవలేదు. ఈలోగా పక్కింటి ఆవిడ తెలిసినంతలో పురుడు పోసింది. పిల్ల బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు.

కేకలు విని నేను పరిగెత్తి వెళ్ళేసరికి ఆ తల్లి తెల్లగా పాలిపోయి ఉంది. చెయ్యగలిగింది చేశాను. బండి పిలవడానికి ఫోను అడిగి పుచ్చుకోవాల్సొచ్చింది. నర్సు చేతిలో ఫోను లేదు, పక్కింటావిడ దగ్గర పాత బటన్ల ఫోనుంది. మూడు సీసాల రక్తం ఎక్కించారు. నిన్నటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. ఈ పొద్దున కళ్ళు తెరిచింది. ఇంకా ఈ వార్డులోనే ఉంది. ప్రాణానికి గండం తప్పిందన్నారు.

ఆ మేస్త్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనే వెళ్ళి చెప్పాను, ఫోను పనిచెయ్యదని నాకు ముందే తెలుసని, తెలిసీ బాగుందని చెప్పానని. ఆయన, "అయితే ఇక మీదట ఏ నెంబరుకి చెయ్యమంటారమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

డాక్టరమ్మకి కూడా చెప్పాను. ఆవిడ కుర్చీ చూపించలేదు, నిలబడే చెప్పాను. నర్సుల మీద పెద్దగా వేసే మాట ఇక ఉండదు. ఉండకూడదు కూడా.

నువ్వు నా మీద నెపం పెడతావని కాదు, పెట్టినా తప్పు లేదు. బాగుందని రాసిన ఉత్తరం మీ వాళ్ళకిచ్చావు కదా. ఇది కూడా ఇవ్వు. నా పేరు, ఉద్యోగం, కేంద్రం అన్నీ వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టి కవర్లో పెట్టాను. ఈసారి పేరు వెయ్యమను.

మీ అక్క


రెండో అంతస్తు, మెట్ల దగ్గర బల్ల
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం క్యాబిన్‌లో నిలబడి చదివాను. కూర్చోలేకపోయాను. తర్వాత నేరుగా మీటింగులోకి తీసుకెళ్ళాను. ఫోను రంగులు ఎన్ని ఉండాలని చర్చ జరుగుతోంది. మేనేజరు, చిప్పు వాళ్ళు, యాంటెన్నా వాళ్ళు, ప్రకటనల పెద్దమనిషి, అందరూ ఉన్నారు. నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాను.

చిప్పు వాళ్ళు అది యాంటెన్నా సమస్య అన్నారు. యాంటెన్నా వాళ్ళు సాఫ్ట్‌వేరు అన్నారు. ప్రకటనల పెద్దమనిషి, ఆ మేస్త్రి కుటుంబం సగటు కుటుంబం కిందికి రాదేమో అన్నాడు. ఎవరో ఆయన్ని మోచేత్తో పొడిచారు.

మేనేజరు మాత్రం ఎప్పటిలాగే శాంతంగా, "ఒకే మనిషి రెండు ఉత్తరాలు రాసింది. ఒకటి బాగుందని, ఒకటి బాగాలేదని. ఏది నిజమని నమ్మమంటావు" అని అడిగాడు.

"మొదటిది రాస్తే ఆవిడకి కుర్చీ వచ్చిందండీ. రెండోది రాస్తే పోయింది" అన్నాను.

నేను సంతకం పెట్టిన కాగితం తెప్పించుకుని, నా సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, కింద తేదీ వేసి, ఊళ్ళో తిప్పితే మధ్యాహ్నం దాకానే వస్తుందని రాశాను. ఇంకొకడి చేత పెట్టించుకుంటారేమో అనుకున్నాను. ఆ గదిలో ఉన్న ఒక్కొక్కణ్ణీ మేనేజరు చూశాడు. నీ ఉత్తరం విన్నాక ఎవరూ కలం తియ్యలేదు. అందరూ రంగుల కాగితాలు చూసుకుంటూ కూర్చున్నారు.

ఫోను ఇప్పట్లో షాపుల్లోకి రాదు. మీ నర్సుల ఫోన్లన్నీ వెనక్కి తీసుకుని పాతవి ఇచ్చెయ్యడానికి గురువారం మనుషులొస్తారు, వాళ్ళతో బోర్డు తీసేవాళ్ళు కూడా వస్తారు. బోర్డు తీసేదాకా నువ్వు అక్కడే నిలబడి చూడు, లేకపోతే ఇంకో గోడకి మారుస్తారు. నా క్యాబిన్ పోయింది. మెట్ల కింద బల్ల వేశారు. చార్జర్ల విభాగానికి మార్చారు. ఈ ఫోను పుణ్యమా అని అక్కడ పని బోలెడుందట.

నీ మీద నెపం ఎందుకు పెడతాను? దూది వాసనొచ్చిందని నువ్వు రాసిన రోజే నాకు తెలుసు. జరిగిందంతా నువ్వు నీ కళ్ళెదుటే చూశావు. నేను అద్దాల గదిలో కూర్చుని, తలుపేసుకుని సంతకం పెట్టాను. ఆ తల్లికేమైనా అయ్యుంటే, నాకు తెలిసేది కూడా కాదు. ఫలానా వీధిలో ఒక ఫోను మోగలేదని మా రిపోర్టుల్లో ఎక్కడా ఉండదు.

వచ్చే వారం సెలవు పెట్టాను. ఆ తల్లి ఇంటికొచ్చాక నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళు. ఏం మాట్లాడాలో తెలీదు. నువ్వు పక్కనుంటే చాలు, సంతకం పెట్టింది నేనే అని నా నోటితో చెబుతాను.

నీ తమ్ముడు